చెరువు గట్టు మీద గులాబీ పూల పాకుడు మొక్క: పీకేయాలా, ఉంచాలా?

పర్రగట్టు

అందరికీ నమస్కారం. మాది నిజాంపట్నం వైపు. ఉప్పుటేరు పక్కన వెనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి, వాటి వెనకాల అర ఎకరం పాత వరి చేను. అడిగేది చెరువు గురించి కాదు, గట్టు గురించి. ఏటి వైపు వాలు మీద ఒక మొక్క చాపలా పరుచుకుంటూ పోతోంది. ఎర్రటి కాడ, వేలితో నొక్కితే నీళ్ళు చిమ్మేంత మందపు ఆకులు, ఆకు మొదట్లో చిన్న గులాబీ రంగు పూలు నక్షత్రాల్లా ఉంటాయి. పొద్దున పదింటికి వెళ్తే గట్టంతా పూలే, సాయంత్రం వెళ్తే ఒక్కటీ విచ్చుకొని ఉండదు. ఎవరూ నాటలేదు, నీళ్ళు పోయలేదు, పోటు వచ్చి మునిగినా చావదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా గట్టు చాలాచోట్ల కోసుకుపోయింది గానీ ఈ మొక్క దట్టంగా ఉన్న ముక్క మాత్రం పెద్దగా దెబ్బతినలేదు, అది మొక్క వల్లో కాదో నాకు తెలియదు.

ఇప్పుడు మా చెరువులు చూసే టెక్నీషియన్ గట్లన్నీ శుభ్రంగా ఉండాలి, కలుపు మందు కొట్టేయండి అంటున్నాడు. మా అత్తగారేమో అది కూర వండుకునే ఆకు, మందు కొట్టొద్దు అంటున్నారు. యూట్యూబులో ఒకాయన అయితే ఈ మొక్క నేలలో ఉప్పు తినేస్తుంది, చౌడు పోతుంది అన్నాడు. మా అర ఎకరం ఎటూ చౌడు పట్టి పడి ఉంది కాబట్టి అక్కడ వేద్దామా అని ఆశ. ఇంతకీ ఇది ఏం మొక్క? ఉంచనా, పీకనా? తినొచ్చా? చౌడు సంగతి నిజమేనా?

చౌడుమాస్టారు

మీరు చెప్పిన దాన్ని బట్టి తొంభై పాళ్ళు వంగరెడ్డి కూర. శాస్త్రీయ నామం సెసువియం పోర్టులకాస్ట్రం. తేల్చుకోవడానికి రెండు మొక్కలతో పోల్చి చూడండి, ఎందుకంటే ఎక్కువమంది వాటితోనే కలిపేస్తారు. గంగవాయిల కూర అయితే పూలు పసుపు, ఆకులు కొమ్మ చివర గుంపుగా ఉంటాయి, కొరికితే పుల్లగా ఉంటుంది. గలిజేరు అయితే జత ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వంగరెడ్డి కూరలో జత ఆకులు ఇంచుమించు ఒకే సైజు, పొడుగ్గా మందంగా ఉంటాయి, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు ముందు తగులుతుంది. కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. గట్టు పట్టుకొని ఉండటానికి కారణం అదే.

పువ్వు దగ్గరగా చూడండి, బాగుంటుంది. దానికి అసలు రేకులే లేవు. మనం రేకులు అనుకునేవి ఐదు రక్షక పత్రాలు, బయట ఆకుపచ్చ, లోపల గులాబీ. అందుకే ముడుచుకున్నాక పూలన్నీ ఆకుల్లో కలిసిపోయి మాయమైనట్టు ఉంటాయి. విచ్చుకొని ఉండేది రోజులో కొన్ని గంటలే.

ఇది బయటి నుంచి వచ్చి మీద పడ్డ సర్కారు తుమ్మ లాంటిది కాదు, గుర్రపుడెక్క లాంటిదీ కాదు. ప్రపంచంలో వేడి సముద్ర తీరాలన్నిటా సహజంగా ఉండే మొక్క, మన తీరానికీ సొంతమే. మడ అడవుల అంచుల్లో, ఉప్పు కొఠార్ల గట్ల మీద, పర్రల్లో (ఉప్పు బురద నేలల్లో), ఇసుక దిబ్బల మొదట్లో చూడొచ్చు.

ఉప్పులో ఎలా బతుకుతుందంటే, మడ చెట్టు పద్ధతి వేరు, దీని పద్ధతి వేరు. నల్లమడ ఆకు మీద ఉప్పు పలుకులు కనపడతాయి కదా, అది లోపలికి వచ్చిన ఉప్పుని ఆకు గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది. వంగరెడ్డి కూరకి ఆ గ్రంథులు లేవు. ఉప్పుని కణంలోపల నీటి సంచిలోకి తోసి మూసిపెడుతుంది, కణంలో పని జరిగే భాగానికి తగలనివ్వదు. అక్కడ సమతూకం కోసం ప్రోలీన్ లాంటి పదార్థాలు తయారు చేసుకుంటుంది. లోపల ఉప్పు గాఢత ఎక్కువ ఉంటేనే బయటి ఉప్పు నేల నుంచి నీళ్ళు లాక్కోగలదు, కాబట్టి ఆ ఉప్పు దానికి భారం కాదు, పనిముట్టు. ఆకు అంత మందంగా ఉండేది కూడా ఆ ఉప్పుని పలచన చేసుకునే నీళ్ళ కోసమే. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఆ నీళ్ళలోనూ బతుకుతుంది గానీ బాగా ఏపుగా పెరిగేది అంతకంటే తక్కువ ఉప్పులో. మామూలు మట్టి కుండీలో మంచినీళ్ళతో పెంచినా బతుకుతుంది.

కలుపు మందు మాత్రం వద్దండి. ఏటి వాలు మీద కొట్టిన మందు మొదటి పోటుకే ఏట్లోకి పోతుంది, మీరు మళ్ళీ మోటారు పెట్టి తోడుకునేది ఆ నీళ్ళే.

నాగాయలంక_ఆక్వా

మాస్టారు చెప్పిన బోటనీ బాగుంది గానీ, టెక్నీషియన్ మాటని అంత తేలిగ్గా తీసెయ్యకండి. అతను చెప్పడంలో తేడా ఉండొచ్చు, భయం మాత్రం నిజమైనదే. రొయ్యల్ని చంపే తెల్ల మచ్చల వైరస్ పీతల ద్వారా కూడా చెరువులోకి వస్తుంది. గట్టు మీద దట్టమైన పచ్చిక ఏదైనా సరే, కింద తడిగా నీడగా ఉంటే పీతలు బొరియలు పెడతాయి. ఆ బొరియల గుండా గట్టు ఊట వేస్తుంది, అది ఇంకో నష్టం. పంట మధ్యలో తెల్ల మచ్చలు కనపడితే అప్పుడు పువ్వు అందం ఎవరూ చూడరు, రాత్రికి రాత్రి పట్టుబడి చేసుకొని దొరికిన రేటుకి అమ్ముకోవాల్సిందే.

కాబట్టి గట్టుని మూడు భాగాలుగా చూడండి. లోపలి వాలు, అంటే చెరువు నీళ్ళు తగిలే వైపు, అక్కడ ఏ మొక్కా వద్దు. గట్టు పైభాగం, క్రాబ్ ఫెన్సింగ్ (పీతలు రాకుండా కట్టే షీటు) ఉండే చోటు, అక్కడ కూడా ఫెన్సింగుకి అటూ ఇటూ ఒక గజం బోసిగా ఉంచండి. ఎందుకంటే ఈ తీగ ఫెన్సింగు షీటు మీదికి పాకితే పీతకి మీరే నిచ్చెన వేసినట్టు. బయటి వాలు మాత్రం వదిలేయండి. మా దగ్గర చాలామంది చేసేది ఇదే. మందు అక్కర్లేదు, కొడవలితో కోసి వేళ్ళతో సహా లాగితే సులువుగా వస్తుంది. కోసిన ముక్కలు గట్టు పైన వదలకండి, కణుపు ఉన్న ప్రతి ముక్కా వర్షానికి మళ్ళీ పట్టుకుంటుంది.

బయటి వాలు మీద దీన్ని తీసేస్తే అక్కడ ఏం మొలుస్తుందో మీకూ తెలుసు. సర్కారు తుమ్మ. దాని ముళ్ళతో, గట్టుని చీల్చే దాని వేరుతో పడే కంటే ఇదే నయం.

తాళ్ళరేవు_అమ్మాయి

అత్తగారి మాట కరెక్టే పర్రగట్టు గారూ, ఇది తినే ఆకే. తమిళనాడు తీరంలో కూరగా వండుతారు, ఫిలిప్పీన్స్‌లో అయితే దంపాలిట్ అని పేరు, పచ్చడి పెట్టి సీసాల్లో అమ్ముతారు. మా కోరంగి వైపు అందరూ వండరు, పాతవాళ్ళు వండుతారు. అసలు చిక్కంతా ఉప్పు తీయడంలోనే ఉంది. లేత చివర్లు మాత్రమే తుంచి, బాగా కడిగి, ఎక్కువ నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోయాలి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఇంకోసారి అదే పని. పిండేసి పెసరపప్పులో వేసుకుంటే బాగుంటుంది. కొబ్బరి కోరు, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు చాలు. ఉప్పు అస్సలు వేయకండి, చివర్లో రుచి చూసి అప్పుడు ఆలోచించండి. నూటికి తొంభై సార్లు వేయాల్సిన అవసరం రాదు. కొంచెం చింతపండు పులుసు పడితే ఆ ఉప్పదనం విరుగుతుంది.

కానీ మీ గట్టు మీది ఆకు మాత్రం కోయొద్దని చెబుతాను. ఈ మొక్క ఉప్పు ఒక్కటే కాదు, సీసం, కాడ్మియం లాంటి లోహాలు కూడా లాక్కుంటుంది, కలుషితమైన నేలల్ని శుభ్రం చేయడానికి దీన్ని వాడి చూసింది అందుకే. చెరువు నుంచి వదిలిన నీళ్ళు, వాడిన మందులు, మోటార్ల డీజిలు, అన్నీ ఆ వాలు మీదుగానే కదా పోయేది. తినాలని ఉంటే రొయ్యల చెరువులకీ ఫ్యాక్టరీలకీ దూరంగా, శుభ్రమైన ఇసుక దిబ్బ వైపు కోసుకోండి, లేదా ఒక కొమ్మ తెచ్చి కుండీలో పెట్టుకోండి, అదే మేలు. కుండీలో తక్కువ ఉప్పుతో పెరిగిన ఆకు అన్నిసార్లు ఉడికించక్కర్లేదు కూడా. బీపీ ఉన్నవాళ్ళు, కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు అయితే దీని జోలికి వెళ్ళొద్దు, ఉప్పు సంగతి సరే, ఆక్సలేట్లు కూడా ఉంటాయి. మీ అత్తగారికి బీపీ ఉందో లేదో ముందు అడగండి 🙂

గాల్వెస్టన్_గోదారోడు

ఈ ప్రశ్న చూసి ఆగలేక రాస్తున్నా. నేను ఉండేది టెక్సాస్‌లో, హ్యూస్టన్ దగ్గర. వీకెండ్ గాల్వెస్టన్ బీచికి వెళ్తే ఇసుక దిబ్బల ముందు వరసలో ఉండేది అచ్చంగా ఇదే మొక్క, అదే ఎర్ర కాడ, అదే పువ్వు. వీళ్ళు సీ పర్స్‌లేన్ అంటారు. ఎగిరే ఇసుక దీని కొమ్మల్లో చిక్కుకొని మెల్లగా చిన్న గుట్ట అవుతుంది, ఆ గుట్ట మీద తర్వాత గడ్డి వస్తుంది, అలా దిబ్బ పెరుగుతుంది. 2008లో ఐక్ తుఫాను ఇక్కడి దిబ్బల్ని చదును చేసేసింది, ఆ తర్వాత వీళ్ళకి దిబ్బల మీద పట్టింపు ఇంకా పెరిగింది. దిబ్బల కోసం గీసిన రక్షణ రేఖకి సముద్రం వైపు దిబ్బ మీద మొక్క పీకాలన్నా అనుమతి కావాలి. నడవడానికి కూడా చెక్క వంతెనలు కట్టారు.

హవాయిలో ఇదే మొక్కని ఆకులికులి అంటారట, అక్కడ ఇళ్ళ ముందు అలంకరణకి నేల కప్పే మొక్కగా పెంచుతారు. మనవాళ్ళు రిసార్టులకి ఎక్కడి నుంచో గడ్డి తెప్పించి, దానికి ట్యాంకర్లతో మంచినీళ్ళు కొడుతుంటారు, ఉప్పు గాలికి అది ఎర్రబడి చస్తుంది. సూర్యలంక బీచి పక్కన దీన్ని పెంచితే నీళ్ళ ఖర్చే ఉండదు కదా అని నా గోల, పట్టించుకునేవాళ్ళు లేరనుకోండి.

పర్రగట్టు

అందరికీ థాంక్స్. జత ఆకులు చూశాను, ఒకే సైజు ఉన్నాయి, పువ్వు లోపల గులాబీ, బయట ఆకుపచ్చ, కాబట్టి వంగరెడ్డి కూరే. ఆక్వా అన్న చెప్పినట్టు లోపలి వాలు, పైభాగం కోయించి బయటిది వదిలేస్తాను. అత్తగారికి బీపీ ఉంది, మాత్రలు వేసుకుంటున్నారు, కాబట్టి ఆ ముచ్చట అక్కడితో సరి.

మిగిలింది అర ఎకరం చౌడు. ఎండాకాలం వస్తే తెల్లగా పొడి తేలుతుంది. జిప్సం వేయమని ఒకరు, ఈ మొక్క వేయమని ఇంకొకరు. బోరు ఉంది గానీ ఆ నీళ్ళూ కాస్త ఉప్పగానే ఉంటాయి. మాస్టారూ, మీ పేరులోనే చౌడు ఉంది, మీరే చెప్పాలి.

చౌడుమాస్టారు

యూట్యూబ్ ఆయన పూర్తిగా అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి వదిలేశాడు. 2007లో తమిళనాడు పరిశోధకులు ఉప్పు నేలల్లో కొన్ని మొక్కలు పెంచి కొలిచారు. అందులో ఎక్కువ ఉప్పు లాగినవి రెండు, సుయేడా అనే ఇంకో ఉప్పు నేల మొక్క, మన వంగరెడ్డి కూర. నాలుగు నెలల్లో హెక్టారు నేల నుంచి సుయేడా 504 కిలోలు, ఇది 474 కిలోలు ఉప్పు తీయగలవని లెక్క కట్టారు. వినడానికి చాలా ఎక్కువ. ఇప్పుడు దాన్ని మీ అర ఎకరానికి కుదించండి, దాదాపు 95 కిలోలు వస్తుంది. అంటే యాభై కిలోల బస్తాలు రెండు కూడా నిండవు, అదీ పంట బాగా వచ్చి, ప్రతి కొమ్మా కోసి పొలం బయటికి మోసుకుపోతే.

రెండో వైపు లెక్క చూడండి. అర ఎకరంలో రెండంగుళాల నీళ్ళు నిలబెడితే సుమారు లక్ష లీటర్లు. మీ బోరు నీళ్ళలో లీటరుకి 2 గ్రాముల ఉప్పు ఉందనుకుందాం, నోటికి కాస్త ఉప్పగా తగిలే నీళ్ళలో అంత ఉండటం వింతేం కాదు. అప్పుడు ఒక్క తడికి 200 కిలోల ఉప్పు మీరే పొలంలో పోశారు. మొక్క నాలుగు నెలలు కష్టపడి తీసిన దానికి రెండింతలు ఒక్క పూటలో తిరిగి వచ్చింది. పైగా పక్కనే రొయ్యల చెరువు, దాని ఊట రాత్రీ పగలూ పొలంలోకి వస్తూనే ఉంటుంది. పై నుంచీ పక్క నుంచీ ఉప్పు వస్తుంటే ఏ మొక్క అయినా ఏం చేస్తుంది చెప్పండి. ఈ లెక్క చెప్పకుండా వీడియోలు చేసేవాళ్ళంటే నాకు చిరాకు, రైతు ఒక ఏడాది పోగొట్టుకుంటాడు.

కాబట్టి ముందు ఊట ఆపాలి. చెరువు గట్టుకీ పొలానికీ మధ్య ఒక లోతైన కాలువ తవ్వి, ఆ నీళ్ళు పాటు వేళ ఏట్లోకి పోయేలా తూము పెట్టండి, పోటు వేళ మూసుకోవాలి. ఆ తర్వాత వానాకాలం మీ చేతిలో ఉన్న అసలైన మందు. పొలానికి గట్లు గట్టిగా వేసి వాన నీళ్ళు నిలబెట్టండి, ఆ నీళ్ళు కిందికి దిగి పక్క కాలువలోకి ఉప్పుని తీసుకుపోవాలి. దిగే దారి లేకుండా నీళ్ళు నిలబెడితే మాత్రం ఎండాకాలం ఆ ఉప్పు మళ్ళీ పైకి తేలుతుంది.

జిప్సం సంగతి: తెల్ల పొడి తేలుతోంది అన్నారు కాబట్టి పాలచౌడు, అంటే ఉప్పు పేరుకున్న నేల కావచ్చు. పాలచౌడుకి కావాల్సింది మంచినీళ్ళు, మురుగు పోయే దారి. జిప్సం పనిచేసేది కారుచౌడుకి, అంటే సోడియం మట్టి కణాలకి పట్టుకొని నేల గట్టిపడి నీళ్ళు దిగనివ్వని రకానికి. రెండూ కలిసి కూడా ఉంటాయి, కళ్ళతో చూసి తేల్చేది కాదు. మట్టి, బోరు నీళ్ళు రెండూ పరీక్ష చేయించండి. మీకు బాపట్ల దగ్గరే, అక్కడ వ్యవసాయ కళాశాల ఉంది, ఉప్పు నీళ్ళ మీద, చౌడు నేలల మీద పరిశోధన చేసే కేంద్రం కూడా ఉంది. ఫలితం వచ్చాక జిప్సం ఎంత అనేది వాళ్ళే చెబుతారు. ఉప్పు కాస్త దిగాక జీలుగ పచ్చిరొట్ట వేసి కలియదున్నండి, అది కొంత ఉప్పు తట్టుకుంటుంది.

ఇవన్నీ చేస్తూ పొలంలో బాగా పాడైన మూల వంగరెడ్డి కూర వేస్తానంటే వేయండి, నేల కప్పి ఉంచితే ఎండకి ఆవిరై ఉప్పు పైకి తేలడం తగ్గుతుంది, అది మంచి లాభమే. కోసిన దాన్ని మాత్రం అక్కడే కుళ్ళనివ్వకండి, లాగిన ఉప్పంతా మళ్ళీ అదే నేలకి పోతుంది. కంపోస్టులో అసలే వద్దు.

నాగాయలంక_ఆక్వా

మాస్టారూ ఒక డౌటు. ఈ మొక్కలో రొయ్య మోల్టింగ్ (పాత పొర విడిచే) హార్మోన్ ఉంది, ఆకు నూరి మేతలో కలిపితే రొయ్యలన్నీ ఒకేసారి మోల్ట్ అవుతాయి అని మా దగ్గర ఒక మందుల షాపాయన చెప్పాడు. నిజమా, ఇది కూడా యూట్యూబేనా?

చౌడుమాస్టారు

ముందు సగం నిజం. 20-హైడ్రాక్సీఎక్డైసోన్ అనే పదార్థం ఈ మొక్కలో ఉంటుంది, పురుగులూ రొయ్యలూ పీతలూ పాత పొర విడవడానికి వాడుకునే హార్మోన్ కూడా అదే. మొక్కలు దాన్ని తయారు చేసుకునేది తమని తినే పురుగుల పెరుగుదల దెబ్బతీయడానికి అని అనుకుంటారు. పట్టు పరిశ్రమలో మొక్కల నుంచి తీసిన ఈ రకం హార్మోన్ని మల్బరీ ఆకు మీద చల్లుతారు, పురుగులన్నీ ఇంచుమించు ఒకేసారి గూడు కట్టడానికి సిద్ధమవుతాయి. అది కొలతతో, సరైన గంట చూసి చేసే పని. దాన్ని చూసి పచ్చి ఆకు నూరి చెరువులో పోయమనడం వేరే సంగతి. మోల్టింగులో రొయ్య మెత్తగా ఉంటుంది, ఒకదాన్నొకటి తింటాయి, ఆక్సిజన్ చాలకపోతే పోతాయి, ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. చెరువు మొత్తాన్ని కొలత తెలియని ఆకుతో ఆ స్థితిలోకి నెట్టమని నేనైతే చెప్పను.

నాగాయలంక_ఆక్వా

చాలు మాస్టారూ, నేనూ అదే అనుకున్నా. ఆయన ఆ పొడి డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నాడు లెండి.

తాళ్ళరేవు_అమ్మాయి

పర్రగట్టు గారూ, బయటి వాలు మీద బోసిగా ఉన్న చోట కూడా పెంచాలనుకుంటే విత్తనం కోసం చూడకండి, కొమ్మలే సులువు. లోపలి వాలు నుంచి కోయిస్తున్నారు కదా, ఆ కొమ్మల్నే జానెడు ముక్కలు చేసి, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండేలా పక్కకి వాల్చి గుచ్చించండి. ఎండాకాలం కాకుండా వానలు పడ్డాక చేయండి, మన తీరానికి అక్టోబరు, నవంబరు వానలు కూడా బాగానే ఉంటాయి. రోజూ అల కొట్టే అంచుకి మరీ దగ్గరగా గుచ్చితే వేరు పట్టేలోపు కొట్టుకుపోతాయి, అమావాస్య, పౌర్ణమి పెద్ద పోటు చేరే గీతకి కాస్త పైన మొదలుపెడితే అవే కిందికి పాకుతాయి. మేకలు వస్తాయా మీ వైపు?

పర్రగట్టు

మేకలు రావు అక్కా, గేదెలు వస్తాయి. పక్క ఊరి వాళ్ళవి, సాయంత్రం ఏట్లో దిగి గట్టెక్కుతాయి. తింటే వాటికేమైనా అవుతుందా?

తాళ్ళరేవు_అమ్మాయి

కాస్త కొరికితే ఏమీ కాదు. అదే మేతగా కడుపు నిండా తింటే ఉప్పుకి విరేచనాలు అవుతాయి, పక్కన తాగడానికి మంచినీళ్ళు లేకపోతే ఇంకా ఇబ్బంది. అయినా మీ గట్టుకి అసలు భయం వాటి నోటితో కాదు, గిట్టలతో. గేదె నాలుగుసార్లు అదే దారిలో ఎక్కి దిగితే ఆ చోట ఏ మొక్కా నిలవదు, మొదటి కోత అక్కడే పడుతుంది. అవి ఎక్కే చోట రెండు వెదురు బొంగులు అడ్డం కట్టించండి, లేదా దారి ఒక్కటే వదిలి అక్కడ రాళ్ళు పరిపించండి.